ఆటిజం ఉన్న మీ బిడ్డను మామూలు బడిలో చేర్పించడం ఎలా?

డిసెంబరు వచ్చిందంటే ప్రైవేటు బడుల్లో అడ్మిషన్ల హడావిడి మొదలవుతుంది. ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ఆ నెలలు గడవడం చాలా కష్టం. ఫోనులో "సీట్లున్నాయి, రండి" అన్న బడే, పిల్లాణ్ణి చూశాక "మళ్లీ చెబుతామండి" అంటుంది. ఆ కబురు ఎప్పటికీ రాదు. నాలుగైదు గుమ్మాలు ఎక్కి దిగాక చాలామంది విసిగిపోయి, ఎంత ఫీజైనా సరే, ఏ షరతైనా సరే, చేర్చుకుంటే చాలు అనే దశకు వచ్చేస్తారు. ఆ బలహీనతలో ఒప్పుకున్న షరతులే తర్వాత ఏళ్ల తరబడి బిడ్డను ఇబ్బంది పెడతాయి.

బడిలో చేరడం మీ బిడ్డ హక్కు. అది బడి చూపించే దయ అని మీరనుకున్నంత కాలం బడి కూడా అలాగే అనుకుంటుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఈ పని ఏ వరసలో చేసుకోవాలి, ఏ కాగితం ఎక్కడ దొరుకుతుంది, కాదంటే ఎవరికి రాయాలి, చేరాక తరగతిలో ఏమేం అడగాలి అన్నది ఇక్కడ చెబుతున్నాను. సీటు దొరకగానే పని అయిపోయిందని చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. అసలు పని ఆ తర్వాతే ఉంటుంది కాబట్టి దాని గురించే ఎక్కువ రాశాను.

1. ముందు రాతలో ఉన్న రిపోర్టు తీసుకోండి

"వాళ్ల నాన్నకు కూడా నాలుగేళ్లకు గానీ మాటలు రాలేదు" అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. వాళ్లు ప్రేమతోనే అంటారు. కానీ పిలిస్తే పలక్కపోవడం, కావలసినది వేలితో చూపించకపోవడం, వచ్చిన మాటలు పోవడం కనిపిస్తే ఆగకండి. మొదట వినికిడి పరీక్ష చేయించండి. చిన్నపిల్లలకు దాన్ని బెరా టెస్ట్ అంటారు. వినికిడి బాగుందని తేలాక పిల్లల డాక్టరు, సైకాలజిస్ట్ చూసి ఆటిజం అవునో కాదో చెబుతారు.

ప్రభుత్వ జిల్లా ఆసుపత్రుల్లో డీఈఐసీ అనే సత్వర చికిత్స కేంద్రాలు ఉన్నాయి. చాలామంది డైస్ సెంటర్ అంటారు. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను అక్కడ ఉచితంగా చూస్తారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ 1984 నుంచి ఉంది. పరీక్ష, థెరపీ, తల్లిదండ్రులకు శిక్షణ అన్నీ అక్కడ దొరుకుతాయి. రెండు రాష్ట్రాల నుంచీ జనం వస్తారు. దూరమని వదిలేయకండి, ఒక్కసారైనా పూర్తి పరీక్ష అక్కడ చేయిస్తే ఆ రిపోర్టు చాలా ఏళ్లు పనికొస్తుంది.

రిపోర్టులో "ఆటిజం లక్షణాలు ఉన్నాయి" అనే ఒక్క ముక్క సరిపోదు. ఆటిజం ఎంత ఉందో కొలవడానికి మన దేశంలో వాడే ఐఎస్ఏఏ స్కేలులో 40 అంశాలు ఉంటాయి. మొత్తం 70, అంతకన్నా ఎక్కువ వస్తే ఆటిజం కింద లెక్క. ఆ మార్కులు, పిల్లాడికి ఏమేం వచ్చు, ఎక్కడ సాయం కావాలి అన్నది విడివిడిగా రాసిమ్మని అడగండి. బడికి పనికొచ్చేది ఆ భాగమే.

ఇంకొక్క మాట. డయాగ్నసిస్ రాగానే స్టెమ్ సెల్ ఇంజెక్షన్లతో తగ్గిస్తామని, లక్షలు అడిగేవాళ్లు తారసపడతారు. ఆటిజానికి ఆ చికిత్సను సిఫార్సు చేయడం లేదని జాతీయ వైద్య కమిషన్‌కు చెందిన బోర్డే 2022లో చెప్పింది. ఆ డబ్బు స్పీచ్ థెరపీకి, బడికి దాచుకోండి.

2. సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు

ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయంలో గానీ మీసేవలో గానీ, వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు తేల్చే సదరం క్యాంపుకు స్లాట్ బుక్ చేసుకోవాలి. తెలంగాణలో మీసేవ ద్వారా గానీ, కేంద్రం నడిపే స్వావలంబన్ పోర్టల్‌లో యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డు కోసం దరఖాస్తు చేసుకుని గానీ ముందుకు వెళ్లాలి. ఆధార్, ఫొటో, పాత రిపోర్టులన్నీ దగ్గర పెట్టుకోండి. వైకల్యం 40 శాతం, అంతకన్నా ఎక్కువ ఉంటే చాలా పథకాలకు అర్హత వస్తుంది.

క్యాంపులో డాక్టర్లకు మీ బిడ్డను చూడడానికి దొరికేది కొద్ది నిమిషాలే. ఆ కాసేపూ పిల్లాడు ఫోను చూస్తూ బుద్ధిగా కూర్చున్నాడనుకోండి, శాతం తక్కువ పడుతుంది. అందుకని ఇంట్లో తీసిన వీడియోలు పట్టుకెళ్లండి. తిండి దగ్గర గొడవ, బట్టలు వేసేటప్పుడు ఏడుపు, చేతులు ఆడిస్తూ గుండ్రంగా తిరగడం, ఇలా మామూలు రోజు ఎలా ఉంటుందో కనిపించాలి. తల్లులు సహజంగా బిడ్డకు వచ్చినవే గొప్పగా చెబుతారు. "ఏబీసీడీలన్నీ చెప్పేస్తాడు డాక్టర్‌గారూ" అంటారు. అది నిజమే, చెప్పండి. దాంతో పాటు బాత్రూమ్‌కు ఇంకా తానుగా వెళ్లలేడని కూడా చెప్పండి.

సర్టిఫికెట్ తీసుకుంటే ముద్ర పడిపోతుందని, రేపు పెళ్లికి అడ్డొస్తుందని వెనకాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేను. కానీ కాగితం లేకపోతే బిడ్డ ఇబ్బంది ఎక్కడికీ పోదు, సాయం మాత్రం పోతుంది. ఆంధ్రలో ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 6,000 రూపాయలు, తెలంగాణలో 4,016 రూపాయల పింఛను ఈ సర్టిఫికెట్ మీదే వస్తుంది. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమాలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చులు వస్తాయి. చేరడానికి ముందు వైద్య పరీక్షలేవీ ఉండవు, థెరపీ ఖర్చులకూ కొంత భాగం ఇస్తారు. ఉద్యోగం చేసేవాళ్లకు, పాత పన్ను విధానంలో ఉంటే, 80డీడీ సెక్షన్ కింద 75,000 రూపాయలు, వైకల్యం 80 శాతం, అంతకన్నా ఎక్కువ ఉంటే 1,25,000 రూపాయలు పన్ను లెక్కించే ఆదాయంలోంచి తగ్గిస్తారు. ఆటిజానికి అయితే 10-ఐఏ ఫారం మీద డాక్టరు సంతకం ఉండాలి. ఆఫీసులో చాలామంది అకౌంటెంట్లకు ఈ ఫారం సంగతి తెలియదు, మీరే గుర్తుచేయాలి.

ఒక సంగతి మాత్రం స్పష్టంగా గుర్తుపెట్టుకోండి. బడిలో చేరడానికి ఈ సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. స్లాట్ దొరకలేదని ఏడాది వృథా చేసుకోకండి.

3. చట్టం ఏమంటుందో నాలుగు ముక్కల్లో

లాయరు అంత తెలియాల్సిన పని లేదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అందులో 16వ సెక్షన్ మీకు ముఖ్యం. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి విద్యాసంస్థా, ప్రైవేటుదైనా సరే, వైకల్యం ఉన్న పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకోవాలని, వాళ్ల అవసరానికి తగ్గ సర్దుబాట్లు చేయాలని, ఒక్కొక్కరికి కావలసిన సాయం విడిగా అందించాలని అది చెబుతుంది. 31వ సెక్షన్ ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు. దగ్గరలోని బడి కావాలో, ప్రత్యేక పాఠశాల కావాలో కోరుకునేది మీరే.

రెండోది 2009 నాటి విద్యాహక్కు చట్టం. ఒకటో తరగతిలో చేర్చుకోవడానికి పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టకూడదని 13వ సెక్షన్ అంటుంది. పెడితే మొదటిసారి 25,000 రూపాయల దాకా జరిమానా. 12వ సెక్షన్ కింద ప్రైవేటు బడులు మొదటి తరగతిలో 25 శాతం సీట్లు పేద, బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలి. 2012 సవరణతో వైకల్యం ఉన్న పిల్లలూ అందులోకి వచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో ఏటా దీనికి ఆన్‌లైన్‌లో దరఖాస్తులు తీసుకుంటారు. అనాథలు, హెచ్ఐవీ బాధితుల పిల్లలు, దివ్యాంగులకు కలిపి 5 శాతం సీట్లు ఉంటాయి. నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసులో కనుక్కుంటూ ఉండండి, గడువు చాలా తక్కువ ఉంటుంది.

4. బడిని ఎంచుకోవడం

పెద్ద భవనం, ఏసీ తరగతులు, ఇంటర్నేషనల్ అన్న బోర్డు చూసి మోసపోకండి. ఆటిజం ఉన్న బిడ్డకు మంచి బడి అంటే ఇంటికి దగ్గరగా ఉన్నది, తరగతిలో పిల్లలు తక్కువ ఉన్నది, చప్పుడు తక్కువ ఉన్నది, టీచరు పిల్లలతో నెమ్మదిగా మాట్లాడేది. నలభై నిమిషాల స్కూల్ బస్సు ప్రయాణంతోనే కొందరు పిల్లలు అలసిపోయి, తరగతిలోకి వచ్చేసరికే ఏడుస్తుంటారు. నడిచి వెళ్లగలిగిన బడికి ఆ ఒక్క కారణం మీద మార్కులు వేయండి.

బడి చూడ్డానికి ఇంటర్వెల్ వేళ వెళ్లండి. ప్రిన్సిపాల్ గదిలో కూర్చుంటే ఏమీ తెలియదు. గంట ఎంత గట్టిగా మోగుతుంది, బాత్రూమ్ తరగతికి ఎంత దూరం, పిల్లాడు కాసేపు ప్రశాంతంగా కూర్చోవడానికి లైబ్రరీ లాంటి చోటు ఉందా, గేటు తెరిచి ఉంటే రోడ్డు మీదకు పరుగెత్తే వీలుందా అన్నది చూడండి. ఆ తర్వాత మూడు ప్రశ్నలు అడగండి. ఇలాంటి పిల్లలు ఇప్పుడు ఎవరైనా చదువుతున్నారా? ప్రత్యేక ఉపాధ్యాయులు ఉన్నారా, వారానికి ఎన్ని రోజులు వస్తారు? పిల్లాడు ఏడ్చి నేల మీద పడుకుంటే మీరేం చేస్తారు? మూడో ప్రశ్నకు వచ్చే జవాబుతో బడి మీకు అర్థమైపోతుంది. "మీకు ఫోన్ చేస్తాం" అని మాత్రమే అంటే జాగ్రత్తపడండి. "ముందు పక్కకు తీసుకెళ్లి కుదుటపడనిస్తాం" అంటే ఆ బడికి ఎంతో కొంత తెలుసు. సీబీఎస్ఈ బడులకు ప్రత్యేక ఉపాధ్యాయుడు తప్పనిసరిగా ఉండాలని బోర్డు నిబంధనే ఉంది, అది గుర్తు చేయడానికి మొహమాటపడకండి. కేంద్రీయ విద్యాలయం దగ్గరలో ఉంటే అక్కడ వైకల్యం ఉన్న పిల్లలకు 3 శాతం సీట్లు, వయసులో రెండేళ్ల సడలింపు ఉన్నాయి.

ప్రభుత్వ బడిని మొదటే కొట్టిపారేయకండి. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద మండలాల్లో భవిత కేంద్రాలు నడుస్తున్నాయి. అక్కడ సహిత విద్య ఉపాధ్యాయులు ఉంటారు, వాళ్లను ఐఈఆర్పీలు అంటారు. బిడ్డ పేరు ఊరి బడిలో ఉంటూనే భవిత కేంద్రానికి వెళ్లి ప్రత్యేక శిక్షణ, ఫిజియోథెరపీ తీసుకోవచ్చు. దారి ఖర్చులకు, తోడు వెళ్లేవాళ్లకు అలవెన్సు, ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల స్టైపెండు ఉన్నాయి. బడికి రాలేనంత ఇబ్బంది ఉన్న పిల్లల ఇంటికే ఐఈఆర్పీ వస్తారు. ఇవన్నీ రావాలంటే బడి ఏటా ప్రభుత్వానికి నింపి పంపే యూడైస్ వివరాల్లో మీ బిడ్డ ప్రత్యేక అవసరాల పిల్లల లెక్కలో ఉండాలి. హెడ్మాస్టరును అడిగి, ఆ గడి నింపారో లేదో మీ కళ్లతో చూసుకోండి. ఒక్కో ఐఈఆర్పీ మీద చాలా బడుల భారం ఉందన్నది నిజం. ప్రాథమిక బడుల్లో ఇలాంటి పది మంది పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు ఉండాలని సుప్రీంకోర్టు 2021లోనే చెప్పింది. మీ మండలంలో ఆ సంఖ్య లేకపోతే అడిగే హక్కు మీకుంది.

ప్రత్యేక పాఠశాలలో చేర్పించడం ఓటమి కాదని కూడా చెప్పాలి. కొందరు పిల్లలకు రెండు మూడేళ్లు అక్కడ కుదురుకున్నాక మామూలు బడికి రావడం సుఖంగా ఉంటుంది. ఆ నిర్ణయం మాత్రం మీ బిడ్డను చూసి మీరు తీసుకోవాలి, ప్రిన్సిపాల్ మిమ్మల్ని వదిలించుకోవడానికి ఇచ్చే సలహాగా రాకూడదు.

5. నోటితో అడగకండి, కాగితం ఇవ్వండి

ఇక్కడే ఎక్కువమంది పొరపాటు పడతారు. నోటితో అడిగితే నోటితోనే కాదంటారు, రేపు మేమలా అనలేదంటారు. ఉత్తరం ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో సహా బడి ముద్ర వేయించుకోండి. ముద్ర వేయనంటే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, ఈమెయిల్ కూడా చేయండి. ఉత్తరం ఇలా ఉంటే చాలు:

"ప్రధానోపాధ్యాయులు గారికి నమస్కారం. మా అబ్బాయిని ఈ విద్యాసంవత్సరం ఒకటో తరగతిలో చేర్చుకోవాలని కోరుతున్నాను. బాబుకు ఆటిజం ఉంది, డాక్టరు రిపోర్టు జతచేశాను. వికలాంగుల హక్కుల చట్టం 2016లోని 16వ సెక్షన్ ప్రకారం బాబుకు కావలసిన సర్దుబాట్ల గురించి మీతో, క్లాస్ టీచర్‌తో కూర్చుని మాట్లాడటానికి మీకు వీలైన రోజు మాకు చెప్పగలరు. ఏ కారణం చేతనైనా చేర్చుకోలేకపోతే ఆ కారణాన్ని రాతపూర్వకంగా తెలియజేయగలరు."

చివరి వాక్యం తీసేయకండి. కారణం కాగితం మీద పెట్టాల్సి వచ్చేసరికి చాలా బడుల ధోరణి మారుతుంది.

"మా దగ్గర సౌకర్యాలు లేవు" అంటే, ఏయే సౌకర్యాలు లేవో చెప్పమని అడగండి. మీ బిడ్డకు లిఫ్టు అక్కర్లేదు, ర్యాంపు అక్కర్లేదు, బొమ్మల టైంటేబుల్, ముందు బెంచీలో చోటు కావాలి, అంతే కావచ్చు. "మిగతా పేరెంట్స్ ఒప్పుకోరు" అంటే, మరొకరి ఇష్టాన్ని బట్టి అడ్మిషన్ ఆపే వీలు చట్టంలో లేదని మర్యాదగా చెప్పండి. "ఒక క్లాసు కింద వేస్తాం" అంటే తొందరపడి తల ఊపకండి. వయసుకు తగిన తరగతే పిల్లలకు మేలు. తోటిపిల్లలను చూసి నేర్చుకునేది చాలా ఉంటుంది, తనకన్నా చిన్నవాళ్ల మధ్య కూర్చోబెడితే అది పోతుంది. గొంతు పెంచకండి. రేపటి నుంచి మీ బిడ్డ ఎనిమిది గంటలు గడపాల్సింది వీళ్ల దగ్గరే.

6. అయినా కాదంటే

పది పదిహేను రోజులు చూసి, మీ ఉత్తరం కాపీ జతచేసి ఎంఈఓకు, ఆపైన జిల్లా విద్యాధికారికి (డీఈఓ) రాయండి. జిల్లా సమగ్ర శిక్ష కార్యాలయంలో సహిత విద్య కోఆర్డినేటర్ ఉంటారు, వారికీ ఒక కాపీ ఇవ్వండి. చాలా కేసులు ఇక్కడే తేలిపోతాయి, ఎందుకంటే గుర్తింపు రెన్యువల్ కోసం బడి ఏటా ఆ ఆఫీసు మెట్లే ఎక్కాలి. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణి, ఆంధ్రలో అయితే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇస్తే దానికి నంబరు పడుతుంది.

అక్కడా కదలకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయండి. ఆ కమిషనర్‌కు మనుషులను పిలిపించడంలో, పత్రాలు తెప్పించడంలో సివిల్ కోర్టుకున్న అధికారాలు ఉన్నాయి. లాయరు లేకుండా తెల్ల కాగితం మీద తెలుగులో రాసి ఇవ్వవచ్చు. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10,000 రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా ఉంది. బాలల హక్కుల కమిషన్‌కూ రాయవచ్చు. లాయరు కావాలనుకుంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది. పిల్లలకు, వైకల్యం ఉన్నవాళ్లకు దీనికి ఆదాయ పరిమితి లేదు. 15100కు ఫోన్ చేస్తే దారి చెబుతారు.

పోరాటం సాగుతుండగా బిడ్డను ఇంట్లో కూర్చోబెట్టకండి. పక్కనున్న ప్రభుత్వ బడిలోనో అంగన్వాడీలోనో చేర్చి, అర్జీ నడిపించండి.

7. టీచరు చేతికి ఒక పేజీ

చేరిన మొదటి రోజు టీచరుకు ముప్పై పేజీల రిపోర్టు ఇస్తే ఆమె చదవలేరు. నలభై మంది పిల్లల మధ్య ఆమెకు పనికొచ్చేది ఒక్క పేజీ. వైద్యం మాటలు లేకుండా, మామూలు మాటల్లో రాయండి. ఉదాహరణకు:

"చిన్నా అని పిలిస్తే పలుకుతాడు, పూర్తి పేరుకు ఇంకా అలవాటు పడలేదు. ఒకసారి పిలిచి పది లెక్కపెట్టేంతసేపు ఆగండి, తప్పక చూస్తాడు. రెండు పనులు ఒకేసారి చెబితే తికమకపడతాడు, ఒక్కొక్కటే చెప్పండి. ప్రార్థన మైకు అన్నా, బెల్లు అన్నా భయం. బెల్లు కొట్టే ముందు చెబితే తానే చెవులు మూసుకుంటాడు, అలా మూసుకోనివ్వండి. చొక్కా కాలరు కొరుకుతున్నాడంటే లోపల టెన్షన్ పెరుగుతోందని అర్థం. నీళ్ల సీసా నింపుకు రమ్మని పంపితే కుదుటపడతాడు. ఏడుపు మొదలైతే మాటలు తగ్గించండి, చుట్టూ ఉన్న పిల్లలను జరపండి, గట్టిగా పట్టుకోకండి. బాత్రూమ్ అడగడు, ఇంటర్వెల్‌లో కార్డు చూపించి పంపండి. బాక్సులో పెరుగన్నమే తింటాడు, వేరేది తినమని బలవంతపెట్టకండి. లెక్కలన్నా, బస్సు నంబర్లన్నా ప్రాణం. బోర్డు మీద లెక్క చేయమంటే అందరికన్నా ముందు లేస్తాడు."

ఆ చివరి రెండు వాక్యాలు ఎంత ముఖ్యమో చెప్పలేను. మీ బిడ్డ గురించి టీచరు విన్నదంతా ఇబ్బందులే అయితే ఆమె కళ్లకు ఇబ్బందులే కనిపిస్తాయి. వాడికి ఏది బాగా వచ్చో తెలిస్తే, తరగతి ముందు వాడిని నిలబెట్టే అవకాశం ఆమె వెతుకుతారు. మిగతా పిల్లలు వాడిని చూసే చూపు అక్కడే మారుతుంది.

దీనితో పాటు ఇంట్లోనే తయారుచేసిన బొమ్మల టైంటేబుల్ ఇవ్వండి. ప్రార్థన, తెలుగు, ఇంటర్వెల్, లెక్కలు, భోజనం, ఆటలు, ఇల్లు, ఇలా ఒక్కోదానికి ఒక్కో ఫొటో. బెంచీ మీద అంటించి, అయిపోయినదాన్ని తీసేస్తుంటే పిల్లాడికి తర్వాత ఏం జరుగుతుందో తెలుస్తుంది. రోజువారీ పద్ధతి మారే రోజులు ఈ పిల్లలకు చాలా కష్టం. ఆగస్టు పదిహేను డ్రిల్లు, వార్షికోత్సవం రిహార్సళ్లు, సబ్‌స్టిట్యూట్ టీచరు వచ్చే రోజు ముందే తెలిస్తే ఇంట్లో మీరు చెప్పి సిద్ధం చేయగలరు. ఆ కబురు మాత్రం ముందురోజే పంపమని టీచరును కోరండి.

8. ఐఈపీ రాయించుకోండి

ఐఈపీ అంటే మీ బిడ్డ ఒక్కడి కోసం రాసుకునే విద్యా ప్రణాళిక. క్లాస్ టీచరు, ప్రత్యేక ఉపాధ్యాయుడు లేదా ఐఈఆర్పీ, మీరు కలిసి కూర్చుని రాయాలి. జూన్‌లో రాసి, దసరా సెలవుల తర్వాత ఒకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి చూసుకుంటే చాలు.

"సామాజిక నైపుణ్యాలు మెరుగుపరచాలి" లాంటి లక్ష్యం రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. మెరుగుపడిందో లేదో ఎవరు చెప్పాలి? "దసరా నాటికి, ఐదుసార్లలో నాలుగుసార్లు కార్డు చూపించి తానే బాత్రూమ్ అడుగుతాడు" అని రాయండి. "సంక్రాంతి నాటికి, బొమ్మ చూసి రెండు పదాల వాక్యం చెబుతాడు లేదా కార్డులతో పేరుస్తాడు" అని రాయండి. ఏడాదికి ఇలాంటివి నాలుగైదు మించకూడదు. ప్రతి లక్ష్యం పక్కన ఎవరు చేయిస్తారు, రోజులో ఎప్పుడు చేయిస్తారు అన్నది ఉండాలి. అది లేకపోతే కాగితం బీరువాలోనే ఉండిపోతుంది.

పాఠం ఎలా మార్చాలో కూడా అందులోనే రాయించండి. పది ప్రశ్నలకు బదులు ఐదు, రాయడానికి బదులు నోటితో చెప్పడం, వ్యాసానికి బదులు జతపరచడం, ఏడాది మధ్యలో పెట్టే ఎఫ్ఏ పరీక్షలకు అదనపు సమయం. చేతిరాత రాని పిల్లాడికి పాఠం రాదని అనుకోవడం మన బడుల్లో చాలా పెద్ద అన్యాయం. మాట రాని పిల్లలకు లోపల ఎంత తెలుసో కార్డులో టాబ్లెట్టో చేతికిచ్చాకే చాలామందికి తెలుస్తుంది.

అమెరికాలో చదివి తిరిగొచ్చిన పిల్లల దగ్గర అక్కడి ఐఈపీ ఉంటుంది. ఇక్కడి బడి అది పాటించాల్సిన నియమం లేదు గానీ, పడేయకండి. ఏ పద్ధతి పనిచేసిందో అంత వివరంగా రాసిన కాగితం కొత్త టీచరుకు వేరే ఏదీ దొరకదు.

9. షాడో టీచర్ గొడవ

"షాడో టీచర్‌ని మీరే పెట్టుకుంటే తీసుకుంటాం" అని చాలా ప్రైవేటు బడులు అంటున్నాయి. షాడో టీచర్ అంటే తరగతిలో మీ బిడ్డ ఒక్కడికే తోడుండి సాయం చేసే మనిషి. విడిగా సాయం అందించే బాధ్యత 16వ సెక్షన్ బడి మీదే పెట్టింది. తల్లిదండ్రులు జీతమిచ్చి మనిషిని పెడితేనే సీటు అనడం ఆ స్ఫూర్తికి విరుద్ధం. ఉత్తరంలో ఈ మాట రాయండి. అయినా బిడ్డ అవసరం చూసి చాలామంది ఒప్పుకుంటారు, వాళ్లను నేను తప్పుపట్టను. ఒప్పుకుంటే కొన్ని సంగతులు ముందే తేల్చుకోండి. ఆమె పిల్లాడికి ఆనుకుని కూర్చోకుండా కొంచెం వెనక కూర్చోవాలి. క్లాస్ టీచరు పిల్లాడితో నేరుగా మాట్లాడాలి, "మీ వాడికి చెప్పండి" అని షాడోకు అప్పజెప్పకూడదు. వాడి చెయ్యి పట్టి నోట్సు నింపకూడదు. ఏ పీరియడ్‌లో ముందుగా సాయం తగ్గించాలో ఐఈపీలో ఉండాలి. ఇవేవీ లేకపోతే పిల్లాడు అదే గదిలో ఉండి కూడా వేరే బడిలో ఉన్నట్టే.

10. రోజూ ఫోన్లు వస్తుంటే

"తీసుకెళ్లండి, ఏడుస్తున్నాడు" అని పదకొండింటికి ఫోన్. వారం తిరిగేసరికి రోజూ సగం పూటే బడి. ఒక్కసారి అలవాటైతే దాన్ని మార్చడం చాలా కష్టం, పైగా ఏడిస్తే ఇంటికి పంపుతారని పిల్లాడూ నేర్చుకుంటాడు. కాబట్టి మొదటి వారాల్లో సగం పూట అనుకుంటే, ఏ తేదీ నుంచి పూర్తి రోజు అన్నది కాగితం మీద రాసుకోండి.

ఫోన్ వచ్చిన ప్రతిసారీ మూడు సంగతులు అడిగి ఒక పుస్తకంలో రాసుకోండి: దానికి ముందు ఏం జరిగింది, పిల్లాడు ఏం చేశాడు, తర్వాత పెద్దవాళ్లు ఏం చేశారు. కొన్ని వారాలు రాస్తే కారణం బయటపడుతుంది. మంగళవారాలే గొడవ అయితే ఆ రోజు పీటీ పీరియడ్‌లో విజిల్ చప్పుడు కారణం కావచ్చు. మధ్యాహ్నం మాత్రమే అయితే ఆకలో, భోజనాల గదిలో గోలో కావచ్చు.

కొట్టడం, గదిలో పెట్టి తలుపు వేయడం, అవమానించడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం. మాట రాని పిల్లలు ఇంటికొచ్చి చెప్పలేరు. స్నానం చేయించేటప్పుడు ఒంటి మీద గుర్తులు చూడండి, ఉన్నట్టుండి యూనిఫాం వేసుకోనని మొండికేస్తే తేలిగ్గా తీసుకోకండి. అనుమానం వస్తే 1098కు ఫోన్ చేయవచ్చు.

11. ఇంట్లో తెలుగు మానేయకండి

బడిలో ఇంగ్లిష్ మీడియం కాబట్టి ఇంట్లోనూ ఇంగ్లిష్ ఒక్కటే మాట్లాడండి, రెండు భాషలైతే పిల్లాడు గందరగోళపడతాడు అని కొందరు చెబుతారు. రెండు భాషలు విన్నందువల్ల ఆటిజం ఉన్న పిల్లల మాట ఇంకా వెనకబడుతుందని పరిశోధనల్లో తేలలేదు. అమ్మమ్మకు, తాతయ్యకు రాని భాషలో పెరిగితే వాడితో మాట్లాడే మనుషులే ఇంట్లో తగ్గిపోతారు. అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఉన్న తెలుగు ఇళ్లకూ ఇదే చెబుతాను. "రా", "ఇవ్వు", "ఆకలి", "చాలు" అన్న మాటలు మీ నోట సహజంగా వచ్చే భాషలోనే ముందు నేర్పండి.

12. పరీక్షలు

ఏడో తరగతి నుంచే దీని గురించి ఆలోచించాలి. పరీక్షా విధానంలో అదనపు సమయం, పిల్లాడు చెబుతుంటే రాసిపెట్టే మనిషి (స్క్రైబ్), రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు లాంటి మార్పులు చేయాలని వికలాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్‌లో ఉంది. సీబీఎస్ఈలో మూడు గంటల పరీక్షకు గంట ఎక్కువ ఇస్తారు, మూడో భాష వదిలేయవచ్చు. మన పదో తరగతి బోర్డుల్లోనూ స్క్రైబ్, అదనపు సమయం ఉన్నాయి. ఈ సిలబస్ భారమనిపిస్తే కేంద్రం నడిపే ఓపెన్ స్కూల్ ఎన్ఐఓఎస్, ఆంధ్ర, తెలంగాణ సార్వత్రిక విద్యాపీఠాలు ఉన్నాయి. సబ్జెక్టులు ఎంచుకోవచ్చు, ఒక్కో విడతలో ఒకటి రెండు రాసుకోవచ్చు. ఎన్ఐఓఎస్‌లో 3, 5, 8 తరగతులకు సమానమైన స్థాయిలూ ఉన్నాయి, పది దాకా ఆగనక్కర్లేదు.

సీబీఎస్ఈ అయితే తొమ్మిదో తరగతి రిజిస్ట్రేషన్ అప్పుడే బిడ్డ వైకల్యం వివరం చేర్పించండి. రాష్ట్ర బోర్డు అయితే పదో తరగతి పరీక్ష రాసే పిల్లల జాబితా (నామినల్ రోల్స్) బడి పంపేటప్పుడు సర్టిఫికెట్ జతచేసి, మినహాయింపులు కోరుతూ హెడ్మాస్టరు ద్వారా దరఖాస్తు వెళ్లాలి. స్క్రైబ్‌తో రాయడం ముందే అలవాటు చేయాలి, తొమ్మిదో తరగతి పరీక్షలన్నీ అలాగే రాయించండి. హాల్‌టికెట్ రాగానే మీరు అడిగిన సడలింపులకు అనుమతి వచ్చిందో లేదో బడిలో చూసుకోండి. రాకపోతే ఆ రోజే డీఈఓ ఆఫీసుకు వెళ్లండి. పరీక్ష రోజు పొద్దున సెంటర్ దగ్గర అడిగితే అక్కడి చీఫ్ సూపరింటెండెంట్ చేయగలిగింది ఏమీ ఉండదు.